ఎదురు కొట్లో అడుగు

టీ కొట్టు షట్టరు లేచింది. ముసలి కుక్క ఆవులించినట్టు సాగి సాగి చివర్లో ఒక మూలుగు, అంతే, ఈ వీధికి తెల్లారినట్టు. నేను అంతకు ముందే వచ్చి కూర్చున్నాను, బావ ఇనప కొట్టు మెట్ల మీద, పారలకీ గొడ్డళ్ళకీ వేసే కర్ర కామల కట్ట పక్కన ఆనించి, మూసి ఉన్న షట్టరుకి వీపు చేరేసి. ఇనుము చల్లదనం చొక్కాలోంచి ఒంటికి తగులుతోంది. ఇన్నేళ్ళుగా ఈ మెట్ల మీదే కూర్చుంటున్నాను గాని ఈ షట్టరు వీపుకి ఎలా ఉంటుందో ఇవాళే తెలిసింది, ఎప్పుడొచ్చినా తెరిచే ఉండేది కదా, లోపల్నించి కొత్త మేకుల నూనె వాసన, కొత్త తాళ్ళ వాసన వీపు మీదికి వచ్చేవి, వాటితోపాటు బావ గొంతు. ఆ గొంతు ఎప్పుడూ వెనక నుంచే వినేవాణ్ణి. మొహం చూస్తూ విన్నది తక్కువ. అందుకేనేమో వెనక్కి తిరగనంతసేపూ ఆయన లోపలే ఉన్నట్టుంది, ఎవరికో తలుపు బందులు చూపిస్తూ, ముందు ఆ తలుపు బరువెంతో చెప్పండి అని అడుగుతూ. తిరిగితే షట్టరు కనిపిస్తుంది. తిరగను.

చెల్లెమ్మ రావాలి తాళాలు తీసుకుని. బావా అని పిలుచుకున్నామే గాని మాకు చుట్టరికమేమీ లేదు, ఆయనే ఒకరోజు కలిపేశాడు వరస, ఆ వరసన ఆయన భార్య నాకు చెల్లెలయింది, నేను ఆమెకి అన్నయ్యనయ్యాను, ఇక విడదీసేవాళ్ళు లేరు. నిన్న సాయంత్రం వాళ్ళింటికి వెళ్తే ఉతికిన బట్టలు మడత పెడుతోంది. ఆయన చొక్కాలు. ప్రతి చొక్కా జేబు కిందా తుప్పు మరక, మేకులు జేబులో వేసుకుని మరిచిపోయే మనిషి కదా, ఎన్నిసార్లు ఉతికినా ఆ మరకలు పోలేదు. ఆమె ఆ మరక పైకి వచ్చేటట్టు మడత పెడుతోంది, లోపలికి కాదు. నేను చూశానని ఆమె చూసింది. "రేపు పొద్దున కొట్టు తీస్తానన్నయ్యా," అంది. "ఒక్క పూట కూర్చుని చూస్తాను. మధ్యాహ్నం దాకా. నలుగురు గడప తొక్కితే ఉంచుతాను. లేదంటే తాళాలు మా పెద్దన్నయ్య చేతిలో పెట్టేస్తాను, ఎవరో ఫోన్ల షోరూము వాళ్ళు అడుగుతున్నారట." నేనేదో అంటానని ఆమె అనుకోలేదు, నా సంగతి తెలుసు. "నాకేం తెలుసు అన్నయ్యా మేకుల గురించి, ఏ రోజూ గల్లా దగ్గర కూర్చున్నదాన్ని కాదు," అంది, ఇంకో చొక్కా తీసుకుంది. నలుగురు. అంతకన్నా తక్కువ అడగడం ఎలా.

నలుగురెందుకు రారు అనుకుంటాం గాని రారు. ఆయన పోయాక మూసిన కొట్టు ఇది, కొనేవాళ్ళు ఎన్నాళ్ళని ఆగుతారు, గొళ్ళెం ఊడిన తలుపుకి ఇవాళే గొళ్ళెం కావాలి. ఎదురుగా ఇంకో ఇనప కొట్టు ఉంది. అందరి కాళ్ళూ అటు అలవాటు పడ్డాయి. కాళ్ళ అలవాటు నాకు తెలుసు. నేను ఈ వీధికి మొదటిసారి వచ్చినప్పుడు సైకిలు వెనక కామలు కట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరికి నడిచాను, పార కామలు, గొడ్డలి కామలు, ఇంకో సంచిలో కొడవలి పిడులు. మాట్లాడటం చేతకాదు నాకు. మా ఊరి బళ్ళో మేష్టారు పాఠం అప్పజెప్పమంటే పలక మీద రాసి చూపించేవాణ్ణి. ప్రతి కొట్టు ముందూ నిలబడటం, ఏం కావాలి అంటే ఒక కామ తీసి చూపించడం. మాకొద్దు పో అన్నవాళ్ళు కొందరు, సరిగా చూడనివాళ్ళు కొందరు. ఈ కొట్టు ముందు నిలబడితే గుండ్రటి మనిషి ఒకాయన, జేబు కింద తుప్పు మరక, బయటికి వచ్చి కామ తీసుకుని కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు మూసుకుని రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ జరిపాడు. ఎండలో అలాగే నిలబడ్డాడు. "ఇది చేసినవాడు పార పట్టినవాడు," అన్నాడు. "ఎవరు చేశారు?" నేను నన్ను చూపించుకున్నాను. "మాట్లాడవా?" "మాట్లాడతాను," అన్నాను. "ఎప్పుడు?" అన్నాడు.

నవ్వొచ్చింది. ఇప్పుడూ వస్తోంది. ఆ రోజు నుంచే నేను ముని, మునిగారు, మునీశ్వరుడు, ఆయన బుద్ధి పుట్టినట్టల్లా. "నీ వంతు కూడా నేను మాట్లాడతాను, నా వంతు కూడా నువ్వు కామలు చెయ్యి," అని చెప్పి ఈ మెట్ల మీద కాస్త జరిగి చోటు చూపించాడు, అక్కడి నుంచి నేను జరగలేదు. ఇక్కడే కూర్చుని చిత్రిక పట్టాను, ఇక్కడే గాజు పెంకుతో గీకి నునుపు చేశాను, పిల్లల పెళ్ళిళ్ళు ఈ మెట్ల మీద పనిచేసిన చేతులతోనే చేశాను. చోటిచ్చినందుకు ఏమివ్వాలి అని ఒకసారి అడిగాను. అది నేను అడిగిన కొద్ది మాటల్లో ఒకటి. "ఆ పెంకు ముక్కలు మెట్ల మీద వదలకు, అది చాలు," అన్నాడు.

బట్టల కొట్టు షట్టరు. అది రెండు ముక్కలు, ముందు ఎడమది, తరవాత కుడిది, మధ్యలో పెద్దాయన దగ్గు. ఆయన బావకంటే పెద్ద, ప్రతి ఎన్నికలోనూ వర్తక సంఘం అధ్యక్ష పదవికి బావ మీద నిలబడేవాడు, ప్రతిసారీ ఓడిపోయేవాడు, ఓడిపోయినప్పుడల్లా ఇక్కడికి వచ్చి టీ తాగి బావని తిట్టి పోయేవాడు. ఒకసారి బావ అన్నాడు, ఏమండీ, మీ ఓటన్నా మీకు పడిందా అని. "నేనంత తెలివితక్కువవాణ్ణా?" అన్నాడు పెద్దాయన. "ఆ మురిక్కాలవ గొడవ, ఆ దీపాల గొడవ నా నెత్తికెందుకు? నిలబడేది నువ్వు ఒళ్ళు మరిచి కూర్చోకుండా ఉండటానికి." నిజంగానే ఆయన ఓటు బావకే వేసేవాడు, వీధంతా తెలుసు. ఇప్పుడు చూస్తే తాళం తీయడానికి వంగిన మనిషి నడుం పట్టుకుని లేచి ఇటు చూశాడు. చెయ్యెత్తాడు. నేనూ ఎత్తాను. తరవాత లోపలికి వెళ్ళి స్టూలు తెచ్చి గుమ్మం పక్కన పెట్టాడు. తిన్నగా పెట్టాడు. నా చూపు అక్కడే ఆగిపోయింది.

స్టూలు సంగతి చెప్పాలంటే ముందు బకెట్టు సంగతి చెప్పాలి. దానికంటే ముందు అసలు ఈ స్టూళ్ళు ఎలా వచ్చాయో. బావకి ఒక పాడలవాటు, మనుషుల్ని చూడటం. కొనేవాళ్ళనే కాదు, ఊరికే పోయేవాళ్ళనీ. పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్ళు పొద్దుటి బస్సుకి దిగి సాయంత్రం బస్సుకి ఎక్కేదాకా మంచినీళ్ళు ముట్టకపోవడం చూశాడు. ఇస్తానన్నా వద్దనడం చూశాడు. చాలా రోజులు చూసి ఒక పొద్దున నన్ను సైకిలు మీద ఎక్కించుకుని మున్సిపాలిటీ ఆఫీసుకి పోయాడు, నన్నెందుకంటే, "నువ్వు పక్కన ఊరికే నిలబడు, నీ మొహం చూస్తే వాళ్ళకి భయమేస్తుంది," అన్నాడు. అక్కడ అధికారి కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. బావ కూర్చోలేదు. "మా బజారులో ఆడవాళ్ళు కాలు మడవడానికి చోటు లేదు, అది కట్టేదాకా నేను మీ ఆఫీసులో కూర్చోను," అన్నాడు. అన్నట్టే ఎన్నిసార్లు పోయినా నిలబడే మాట్లాడాడు, కాళ్ళ నరాలు ఉబ్బినా, అధికారి మారి కొత్తాయన వచ్చినా. చివరికి వీధి మొదట్లో తలుపులూ కుళాయిలూ ఉన్న మరుగుదొడ్ల గది కట్టారు ఆడవాళ్ళకి. ఆ తలుపు గొళ్ళేలు బావే పెట్టాడు, లోపలి నుంచి గట్టిగా పడేవి, తానే తలుపు వేసుకుని తీసి వేసుకుని తీసి చూశాడు. అది అయిన వారమే ప్రతి కొట్టు ముందూ ఒక స్టూలు ఉండాలన్నాడు సంఘంలో. కూర్చోవడానికి చోటు లేని బజారుకి మనిషి ఎందుకొస్తాడు అన్నాడు. పెద్దాయన ఒంటికాలి మీద లేచాడు, స్టూళ్ళు దొంగలెత్తుకుపోతారని. ఎత్తుకుపోయిన వాళ్ళు ఇంట్లో కూర్చుంటారు, ఎక్కడో ఒకచోట కూర్చుంటారు కదా అన్నాడు బావ.

ఎదురుగా ఆ రెండో ఇనప కొట్టు పెట్టిన కొత్తలో వీధంతా కళ్ళప్పగించి చూసింది, ఇప్పుడు అయింది ప్రెసిడెంటు పని అని. పెట్టినవాడు మా అందరికంటే చిన్నవాడు, కొత్తగా పెళ్ళయినవాడు, మొహమాటస్తుడు, కొనేవాడు గుమ్మంలోకి వస్తే తనే లేచి పక్కకి తప్పుకునేవాడు. మేము వాణ్ణి ఎదురు కొట్టబ్బాయి అనేవాళ్ళం, ఇప్పుడు వాడి కణతల దగ్గర తెల్లబడినా అదే పేరు. అప్పట్లో ఒకరోజు నేను ఈ మెట్ల మీద గీక్కుంటుంటే వెనకనుంచి బావ గొంతు, "లేవండీ, అయిపోయాయి, ఎదురు కొట్లో అడగండి." మేకులు అడిగాడు ఆ మనిషి. ముందురోజే రెండు బస్తాలు దించారు నా కళ్ళ ముందు. ఇంకొకరు తాళం అడిగారు. లేదు, ఎదురు కొట్లో అడగండి. నేను తిరిగి చూశాను. బావ మేకుల బస్తా మీద గోనె కప్పి దాని మీద కూర్చున్నాడు, గుడ్లు పొదిగే పెద్ద కోడిలాగా, మొహంలో చలనం లేదు. ఆ మనిషి వెళ్ళాక అడిగాను, ఎందుకు అని. గోనె సర్దుకున్నాడు. "వీధి నోటిలాంటిది బావా," అన్నాడు తరవాత. "ఒక పన్ను ఊడితే పక్కది కదులుతుంది. వాడు మూస్తే రేపు నాకు నొప్పి." అంతలోనే మళ్ళీ, "అదీగాక వాడి పెళ్ళాం రోజూ అన్నం తెచ్చి వాడు తినేదాకా కూర్చుంటుంది చూశావా, బోణీ కాని రోజు వాడు సగం తిని ఆకలి లేదంటాడు," అన్నాడు. మనుషుల్ని చూసే పాడలవాటు.

ఆ లేదు అనే మాట వీధికి పాకింది. ఎవరూ చెప్పలేదు, తీర్మానం చేయలేదు, దగ్గులాగా పాకింది. మొగుడు పోయాక గిన్నెల కొట్టు నడుపుతున్నావిడకి కొన్నాళ్ళు అందరూ బేరాలు పంపారు, తరవాత ఆవిడ ప్లాస్టిక్ సామాన్ల వాడికి పంపడం మొదలుపెట్టింది, వాడి పిల్లకి ఒంట్లో బాగోలేదని. అలా ఉండగా ఒకాయన బకెట్టు కోసం వచ్చాడు. పెద్ద మీసాలు, చేతిలో గొడుగు. బావ దగ్గర అడిగాడు. లేదండీ, గిన్నెల కొట్లో అడగండి. గిన్నెలావిడ లేదండీ, ప్లాస్టిక్ కొట్లో అడగండి అంది. వాడు లేదండీ, మా ప్రెసిడెంటుగారి కొట్లో తప్పక దొరుకుతుంది అని చెయ్యి పట్టుకుని దారి చూపించాడట. మీసాలాయన ఎండలో చెమటలు కక్కుతూ తిరిగి వచ్చి ఇక్కడ నిలబడ్డాడు, సరిగ్గా ఈ మెట్టు మీద, బావ వెనక చూరుకి వేలాడుతున్న బకెట్ల దండ వైపు చూశాడు, బావ మొహం వైపు చూశాడు. "ఏమయ్యా," అన్నాడు, "మీ ఊళ్ళో జనం స్నానాలు చేయరా?"

బావ నవ్విన నవ్వుకి తక్కెట్లో రాళ్ళు కదిలాయి. ఆయన్ని కూర్చోబెట్టి టీ తెప్పించి, నిజమంతా చెప్పి, మూడు కొట్ల బకెట్లూ తెప్పించి ముందు పెట్టాడు, నచ్చింది తీసుకోండి అని. ఆయన మొదట కోప్పడ్డాడు, తరవాత ఆయనా నవ్వాడు, ఆ తరవాత ఏం కావాలన్నా ఈ వీధికే వచ్చాడు బతికినంతకాలం. ఆ సాయంత్రం సంఘంలో బావ చెప్పాడు, మంచితనమైనా కాస్త కళ్ళు పెట్టి చేయండ్రా, కొనేవాణ్ణి చంపుతారా అని. అప్పుడు తేలింది స్టూలు గుర్తు. పొద్దున కొట్టు తీయగానే స్టూలు బోర్లించి పెట్టాలి, కాళ్ళు పైకి. బోణీ అయ్యాక తిన్నగా పెట్టాలి. తిన్నగా ఉన్న కొట్టువాడు బోర్లించిన కొట్టుకి పంపాలి. అంతే. బయటివాళ్ళకి తెలియదు, వాళ్ళకి స్టూలు స్టూలే. మా వీధిలో ఎవరు ఎవరి స్టూలు చూసినా మొహం చూసినట్టే. అప్పటినుంచీ ఏ పొద్దునా తీయగానే తిన్నగా పెట్టిన స్టూలు నేను చూడలేదు.

ఇవాళ చూశాను. బట్టల కొట్టుది తిన్నగా. అదుగో గిన్నెలావిడ షట్టరు, అద్దాలు పగిలినట్టు గలగల, ఆవిడ స్టూలూ తిన్నగానే. ఇంకా ఒక్క మనిషి బజారులోకి రాలేదు, బస్సు కూడా దిగలేదు, ఎవరికి అయింది బోణీ. మరిచిపోయారా. మనిషి ఉన్నన్నాళ్ళే ఆ గుర్తు, పోగానే అది ఒట్టి కూర్చునే చెక్క. వాళ్ళనేమనగలను, ఎవరి తొందర వాళ్ళది. చేతికి పనుంటే మనసు కుదురుతుందని ఒక పిడి తీసి గాజు పెంకుతో గీకటం మొదలుపెట్టాను. సన్నటి పొట్టు మోకాలి మీద రాలుతోంది. చెయ్యి చాపండి, అనేవాడు బావ, పార కావాలన్నవాళ్ళని, చెయ్యి చూసి జోస్యం చెప్పేవాడి దగ్గరికి వచ్చినవాళ్ళలా మొహమాటపడుతూ అరచెయ్యి చాపేవాళ్ళు. తన చెయ్యి వాళ్ళ చేతికి ఆనించి చూసి లోపల్నించి కేకేసేవాడు, "బావా, మనిషి పొట్టి, పిడికిలి పెద్దది, భుజం ఎడమది నొప్పి," అని. నేను దానికి తగ్గ కామ తీసి ఇచ్చేవాణ్ణి. మా నాన్న అరచేతులకి ఎప్పుడూ గుడ్డ పేలికలు చుట్టి ఉండేవి, కొన్న కామ లావై, పిడికిట్లో పట్టక, బొబ్బలు. అది చూసి పెరిగాను గనక కామ చేయడం నేర్చుకున్నాను. కాని ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు, ఆయనకీ చెప్పలేదు. ఆయన చేతులు అడిగి చూసేవాడు, అంతే. మా నాన్న ఆ రోజుల్లో ఇలాంటి కొట్టు మెట్లు ఎక్కి ఉంటే బాగుండేది అనుకునేవాణ్ణి, ప్రతిసారీ, ఎవరు చెయ్యి చాపినా.

ఎడమచేతి వాటం ఆవిడ ఒకామె ఉంది. కొడవలికి పళ్ళు ఒక వైపే ఉంటాయి కదా, కుడిచేతి కొడవలి ఎడమ చేత్తో పడితే కొయ్యదు, పీకుతుంది. ఆమె ఏళ్ళ తరబడి కుడి చేత్తోనే అవస్థపడింది, అందరి వెనకా పడి మాటలు పడింది. బావ ఆమెని చెయ్యి చాపమంటే ఎడమది చాపి, చటుక్కున వెనక్కి తీసుకుని కుడిది చాపింది. ఆయన అది చూశాడు. కమ్మరికి చెప్పి పళ్ళు తిప్పి కొట్టించాడు, పిడి నేను చేశాను. అప్పటినుంచి కోతల ముందు ఒక్కసారి వస్తుంది ఆమె, ఒక్క కొడవలి కోసం. ఆ ఒక్కటీ లోపల ఎడమ గోడకి వేరుగా మేకుకి వేలాడుతుంది, ఎవరడిగినా ఇచ్చేవాడు కాదు.

షట్టరు, ఎదురుగా. ఇది గట్టి చప్పుడు, కొత్తగా నూనె పెట్టింది, ఒక్క ఊపున పైకి. ఎదురు కొట్టబ్బాయి బయటికి వచ్చాడు, వీధి అటూ ఇటూ చూశాడు, నన్ను చూశాడు, చూడనట్టు తల తిప్పుకున్నాడు. లోపలికి వెళ్ళాడు. నేను పిడి గీకడం ఆపేశాను. ఇన్నాళ్ళూ బావ కొనుగోలుదారులంతా వాడికే కదా పోతున్నది. మిగతావాళ్ళ సంగతి ఎలా ఉన్నా వీడు చూడాలి, వీడు బోర్లిస్తే చాలు. స్టూలు తెచ్చాడు. గుమ్మం పక్కన దించాడు. తిన్నగా. దాని మీద చేత్తో దుమ్ము కూడా దులిపాడు. నేను తల దించుకున్నాను. కోపం కాదు. ఆ గోనె మీద కూర్చున్న మనిషి గుర్తొచ్చాడు, చలనం లేని ఆ మొహం.

ఆయన పోయింది కూడా అలాగే, ఎవరినీ కంగారు పెట్టకుండా. మధ్యాహ్నం భోజనం చేసి కాసేపు నడుం వాలుస్తానని పడుకుని లేవలేదు. ఆ పొద్దున ఇక్కడ నాతో అన్న చివరి మాట ఏమిటా అని చాలా వెతుక్కున్నాను. గొప్ప మాటేమీ కాదు. "బావా, ఆ పెంకు ముక్క మెట్టు మీద వదిలావు చూడు." తీశాను. ఆ ముక్క ఇప్పటికీ ఈ జేబులోనే ఉంది, దీనితోనే గీకుతున్నాను.

వచ్చింది చెల్లెమ్మ. చేతిలో తాళాల గుత్తి, చంకలో అన్నం కారియరు. ఒక్కతే నడిచి వస్తుంటే వీధి మాటలు ఆగిపోయాయి, టీ కొట్టు దగ్గర గరిటె చప్పుడు కూడా. నేను లేచి కామల కట్ట జరిపాను. తాళాలు తీసింది, షట్టరు ఎత్తింది, నడుం ఎత్తు దాకా వచ్చి బిగుసుకుంది. అది ఎప్పుడూ అంతే, అక్కడ పట్టేస్తుంది, దానికో కిటుకుంది, ఎడమ మూల కింద తన్నాలి. చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె అప్పటికే చీర కుచ్చిళ్ళు కాస్త పట్టుకుని ఎడమ మూల కింద కాలితో ఒక్కటి తన్నింది. షట్టరు గడగడమంటూ పైకి పోయింది. నేను తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. "రోజూ ఇంటికొచ్చి చెప్పేవారు కదన్నయ్యా," అంది, "ఇవాళ కూడా తన్నాను, ఇవాళ కూడా తన్నాను అని. అన్నం తింటూ కొట్టంతా చెప్పేవారు. నేను వింటున్నానో లేదో కూడా చూసేవారు కాదు." లోపల్నించి ఆ వాసన వచ్చింది, నూనె, తాళ్ళు. తరవాత ఆమె లోపలికి వెళ్ళి స్టూలు తెచ్చి గుమ్మం పక్కన బోర్లించింది, కాళ్ళు పైకి. వీధి మొత్తంలో ఆ ఒక్కటే.

బస్సు వచ్చింది. జనం దిగారు. ఒకడు, భుజాన తువ్వాలు, నేరుగా ఎదురు కొట్టుకి పోయాడు, నేను చూస్తూనే ఉన్నాను. ఎదురు కొట్టబ్బాయి వాడి మాట విన్నాడు, తల అడ్డంగా ఊపాడు, చెయ్యెత్తి ఇటు చూపించాడు. వాడి వెనకే మేకుల డబ్బాలు వరసగా, నాకు కనిపిస్తున్నాయి. వాడు రోడ్డు దాటి వచ్చి, "రెండంగుళాల మేకులున్నాయామ్మా, అక్కడ లేవన్నారు," అన్నాడు. చెల్లెమ్మ తడుముకోలేదు, ఏ డబ్బానో తెలుసు. వాడు పోకముందే ఇంకొకామె, గొళ్ళెం కోసం. గిన్నెలావిడ పంపిందట. గిన్నెలావిడ గొళ్ళేలు ఎప్పుడమ్మింది. మూడోది ఒక ముసలామె, గస పెడుతూ మెట్లెక్కి, "తువ్వాళ్ళు చూపించమ్మా," అంది. చెల్లెమ్మ తెల్లబోయింది. "ఇక్కడ ఇనప సామాన్లండీ." "ఏమో తల్లీ, ఆ బట్టల కొట్టు పెద్దాయన లేవు, ప్రెసిడెంటుగారి కొట్లో మంచివి దొరుకుతాయి అన్నాడు." చెల్లెమ్మ బయటికి వచ్చి అటు చూసింది. పెద్దాయన, చుట్టూ తువ్వాళ్ళ దొంతరలు, పేపరు తిరగేసి పట్టుకుని మొహం దాచుకున్నాడు. ముందు ఆమె కళ్ళు నిండాయి, తరవాత నవ్వొచ్చింది, రెండూ ఒకేసారి వచ్చి ఊపిరి అందక గుమ్మం పట్టుకుంది. "బాబాయిగారూ!" అని కేకేసింది. "కాస్త కళ్ళు పెట్టి పంపండి!" పేపరు వెనకనుంచి, "గడప తొక్కిందా లేదా? తొక్కింది! లెక్కలో వేసుకో!" అని పెద్దాయన గొంతు. నలుగురి మాట నేనైతే ఎవరికీ చెప్పలేదు. అంటే ఆమె నోటి నుంచే ఎవరితోనో జారింది, వీధికి తెలిసిపోయింది.

మొదటి మనిషి గొలుసు కూడా కావాలని మళ్ళీ వచ్చాడు, గోడ మీద కొడవలి చూసి చెయ్యి పెట్టాడు. "అది కాదండీ," అంది చెల్లెమ్మ, గొలుసు కొలుస్తూనే, తల కూడా ఎత్తకుండా. "అది ఒకావిడది. కోతలకి వస్తుంది." నేను బయటే కూర్చున్నాను, వీపు వెనక నుంచి వినపడింది ఆ మాట. అప్పుడు తెలిసింది నాకు ఈ షట్టరు మళ్ళీ వీపుకి తగలదని.

నా ముందు ఎవరో నిలబడ్డారు. పొడుగాటి రైతు, ముందు వాలిన భుజాలు. "పార కామ కావాలయ్యా," అన్నాడు. నా మోకాలి పక్కన కట్టెడు కామలు, చేతిలో పిడి, ఒళ్ళంతా పొట్టు. "లేవు," అన్నాను. ఆయన కట్ట వైపు చూశాడు. "మరి ఇవి?" "అవి కొట్టువి," అన్నాను. "లోపల అడుగు." లోపల్నించి కేక వచ్చింది, "ఆయన్ని చెయ్యి చాపమనండన్నయ్యా!" చాపమన్నాను. ఆయన మొహమాటపడుతూ చాపాడు. వేళ్ళ మొదళ్ళలో బొబ్బలు, ఒకటి చితికి ఉంది. నేను లేచి, బోణీ అయినా నాలుగో మనిషి వచ్చేదాకా తిప్పబుద్ధి కాని ఆ బోర్లించిన స్టూలు తిప్పి తిన్నగా పెట్టి, కూర్చో అన్నాను.

ఆయన కూర్చున్నాడో లేదో, ఎదురుగా ఎదురు కొట్టబ్బాయి గుమ్మంలోకి వచ్చాడు. ఇటు చూశాడు. వంగి తన స్టూలు తీసి బోర్లించాడు. పెద్దాయన పేపరు పక్కన పెట్టి బోర్లించాడు. గిన్నెలావిడ, ఆ పక్కన ప్లాస్టిక్ వాడు, ఆ చివర దాకా ఒకరి తరవాత ఒకరు, కాళ్ళు పైకి. పొద్దుట్నించీ వాళ్ళెవరికీ బోణీ కాలేదు. ఒక్కళ్ళకి కూడా. ఇంతలో బస్సు దిగిన ఇంకొకడు నేరుగా మన మెట్లెక్కి, "మేకులున్నాయా?" అన్నాడు. చెల్లెమ్మ ఆ రైతు దగ్గర ఉంది, కామలు చూపిస్తోంది. నేను లోపలికి వెళ్ళి మేకుల బస్తా మీద గోనె సర్ది దాని మీద కూర్చున్నాను.

"లేవు," అన్నాను. "ఎదురు కొట్లో అడుగు."